అమ్మ ఆగిన చోట్లు

హెడ్‌ఫోన్ తీసి ఫిరోజ్ బల్ల మీద విసిరికొట్టాను. అది వాడు విప్పిపెట్టుకున్న ఆంప్లిఫయర్ మీద పడి, రెండు స్క్రూలు ఎగిరి ఎటో పోయాయి. వాడు వాటిని వెతకలేదు. నా మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఈ వసంతలక్ష్మికి, అంటే నాకు, కోపం ముక్కు మీదే ఉంటుందని వాడికి ఆరేళ్లుగా తెలుసు. అయినా ఆ రోజు కోపం వాడికి కూడా కొత్తే.

“ఎవడు చేసిండు గీ పని?” అన్నాను.

“ఏ పని?”

“మా అమ్మ మగ్గాన్ని గిట్ల చేసిందెవడు?”

నల్లగొండ గడియారం సెంటర్ వెనక సందులో ఫిరోజ్‌ది అగ్గిపెట్టెంత దుకాణం. పెళ్లి బ్యాండ్ల క్యాసియోలు, మసీదు మైకులు, గుడి ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. దాని పైన అటక మీద మా స్టూడియో ఉంది. స్టూడియో అంటే గోడలకు అంటించిన కోడిగుడ్ల అట్టలు, రెండు పాత సింథసైజర్లు, ఒక లాప్‌టాప్. అక్కడ కూర్చునే మేమిద్దరం రెండేళ్లు తిప్పలు పడి ఎనిమిది పాటల ఆల్బమ్ చేశాం. మా బ్యాండ్ పేరు చిటికి, ఆల్బమ్ పేరు ఆసు. ఈ రకం సంగీతాన్ని సింథ్‌పాప్ అంటారు. మీట నొక్కితే పలికే కరెంటు స్వరాలు, వాటి కింద ఆగకుండా పడే దెబ్బ, అంతే. నలభై ఏళ్ల కింద ఎక్కడో చలి దేశాల్లో ఫ్యాక్టరీల పక్కన పెరిగిన పిల్లలు మొదలుపెట్టారట. మా ఊరు గట్టుప్పల్‌లో ఫ్యాక్టరీ లేదు, మగ్గాలున్నాయి. అందుకని మా అమ్మ సావిత్రమ్మ నేస్తుంటే పక్కన నేను పాడి, డ్రమ్ముకు బదులు ఆ మగ్గం చప్పుడే పెట్టాం. ఎనిమిది పాటలకూ అదే దెబ్బ. అందులో ఆరో పాటంటే నాకు ప్రాణం. మిగతావన్నీ నడిస్తే అది ఒక్క ఊపున పరుగెత్తుతుంది.

హైదరాబాద్‌లో ఒక మ్యూజిక్ కంపెనీ ఈ సంగతి విని ఎగిరి గంతేసింది. ఆగస్టు ఏడున, చేనేత దినం నాడు విడుదల చేద్దామంది. అట్ట మీద నా బొమ్మ కాదు, ఫిరోజ్ బొమ్మ కాదు, మగ్గం గుంటలో కూర్చున్న అమ్మ బొమ్మ. కింద పెద్ద అక్షరాల్లో ‘సావిత్రమ్మ చేతిమగ్గం’ అని. ఆ దినానికింక ఐదు రోజులే ఉన్నాయి.

పూర్తయిన పాటలు కంపెనీ నుంచి నా ఫోనుకు ముందురోజే వచ్చాయి. విన్నాను. నిజం చెప్పాలంటే నా గొంతునే విన్నాను. ఎక్కడ బాగా పలికింది, ఎక్కడ జీరపోయింది అని చూసుకుని మురిసిపోయాను. పొద్దున అమ్మకు వినిపిస్తే గాని అసలు సంగతి బయటపడలేదు.

అమ్మ ఫోను చెవికి ఆనించుకుని ఒక పాటంతా విన్నది. రెండోది సగం విన్నది. మూడోది పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“మంచిగున్నది బిడ్డా. నీ గొంతు మస్తుగున్నది. గని గీ పవర్‌లూమ్ ఎవలది?”

“పవర్‌లూమ్ ఏందమ్మా? అది నీ మగ్గమే.”

“నా మగ్గమా?” అని నవ్వింది. “నలబై ఏండ్లు కూసున్న దాని మీద. నాకెర్క లేదా? గిది కరెంటుది. కరెంటుదానికే ఆగే పని ఉండదు.”

అప్పుడు మళ్లీ పెట్టి, నా గొంతు వదిలేసి కింద దెబ్బ విన్నాను. అమ్మ చెప్పింది నిజమే. దెబ్బ ఎక్కడా ఆగడం లేదు.

మా చిటికి నేతలో దారానికి ముందే రంగులుంటాయి. ఆసు అనే మేకుల చట్రం మీద పేక దారాన్ని, అంటే అడ్డంగా పడే పోగును, చుట్టి, లెక్క ప్రకారం ముళ్లు కట్టి రంగులో ముంచుతారు. ఆ దారం మగ్గం మీదికి వచ్చాక, ఒక్కో రంగు మచ్చ దాని చోట అది పడితేనే చిలుకకు ముక్కు వస్తుంది, ఏనుగుకు తొండం వస్తుంది. అందుకే నేసే మనిషి మూడు నాలుగు పోగులకోసారి ఆగి, వేలితో దారాన్ని జరిపి, మచ్చకు మచ్చ కలిపి, మళ్లీ పోగును బిగించే పలక కొడుతుంది. ఒకచోట రెప్పపాటు ఆగుతుంది, ఇంకోచోట నాలుగు రెప్పపాట్లు పడుతుంది. మా వాడకట్టులో ఆగకుండా నడిచే మగ్గం ఒక్కటి కూడా లేదు. పవర్‌లూమ్ ఆగదు. అది ఉత్త బట్ట నేస్తే, పైన మా చిలుకల్ని అచ్చు కొట్టి మా పేరుతో అమ్ముతారు. ఆ దొంగ చీరల దెబ్బకే సగం వాడ ఖాళీ అయింది. మా బాపు వెంకటనర్సు మగ్గం వదిలి యాదగిరిగుట్టలో ఒక లాడ్జిలో దుప్పట్లు మోస్తున్నాడు. నిరుడు చండూరులో ఆ దొంగ చీరల మీద ధర్నా జరిగితే అమ్మ కూడా ఎండలో అట్ట పట్టుకుని కూర్చుంది.

“గా అట్ట మీద నా బొమ్మ ఉంటదా?” అని అడిగింది అమ్మ.

“ఉంటది.”

“మన వాడకట్టోళ్లు ఇంటరు గదనే.”

ఫోను నా చేతిలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. ఉన్నపళాన బస్సెక్కి నల్లగొండ వచ్చాను.

నేనడిగినదానికి ఫిరోజ్ బల్ల అంచు పట్టుకుని నేల చూశాడు. కంపెనీ వాళ్ల పేరు చెబుతాడనుకున్నాను. చెబితే వాళ్లను దులపడానికి సిద్ధంగా ఉన్నాను.

“నేనే చేసిన,” అన్నాడు.

“ఏందీ?”

“కంపెనీ సారు ఫోన్ చేసి, దెబ్బ ఒక తీరుగ పడుతలేదు, జర సాపు చెయ్యమన్నడు. నాక్కూడ గట్లనే అనిపించింది. అమ్మకు భుజం నొప్పి గద వసంతా. నొప్పి లేసినప్పుడల్లా ఆగిందనుకున్న. ఆమె తప్పులు లోకమంత ఎందుకినాలె అని, ఆగిన జాగలన్నీ కోసేసి అతికిచ్చి, నీ గొంతును గూడ దానికి సరిచేసిన. పది రోజులు పట్టింది.”

“తప్పులా? మా అమ్మ నేతల తప్పులా?”

“నాకేమెర్క? మా అబ్బా బ్యాండ్ ఎన్క నడిచి పెరిగినోణ్ణి. బారాత్‌ల డోలు ఆగిందంటే పెండ్లిపిలగాని దోస్తులు కొట్టనీకొస్తరు. చెయ్యి వాసినా ఆగొద్దు అనేటోడు. నాకు ఆగుడంటేనే తప్పు. గదే నేర్పిండు.”

వాడి తండ్రి సర్దార్‌ది ఒకప్పుడు జిల్లాలో పేరున్న బ్రాస్ బ్యాండ్. వాడు చెప్పేది అబద్ధం కాదని నాకు తెలుసు. అయినా నా కోపం తగ్గలేదు. ఇంకా మండింది.

“సరే. అసలుది తియ్యి. మొదలు రికార్డు చేసింది.”

వాడు స్క్రూడ్రైవరు తీసి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

“తియ్యమంటున్న గద!”

“లేదు. డిస్క్ నిండింది. సాపు చేసినంక పాతది తుడిచేసిన.”

“మరి నేను పాడింది?”

“నీ గొంతు మొదటిది ఉన్నది. అది తుడువలే.”

“నా గొంతు దాచిపెట్టినవ్, మా అమ్మ చేతిని తుడిచేసినవా! నీ కండ్లు పోనూ! ఆరేండ్ల సంది ఆ చేతి బువ్వ తింటున్నవ్ గదరా. ఒక్కసారి అడగనీకి నోరు పడిపోయిందా? దొంగ చీరలమ్మేటోనికీ నీకూ ఫరకేంది?”

ఆ మాటకు వాడి మొహం నల్లబడింది. సందులో పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను.

కంపెనీలో మా ఆల్బమ్ చూసుకునే శ్రవణ్‌కుమార్‌కు ఫోన్ చేశాను. అతనిది దేవరకొండ. అయినా మనతో మాట్లాడితే ఆ ఊరి వాసన రాకుండా జాగ్రత్తపడతాడు.

“ఇప్పుడు చాలా బాగుందండీ. అంతకుముందు కాలు విరిగిన మనిషి నడిచినట్టుండేది,” అన్నాడు.

“అది పవర్‌లూమ్ లెక్క ఉన్నది సార్.”

“వినేవాళ్లకు అంత తేడా ఎక్కడ తెలుస్తుందండీ?”

“నేసేటోళ్లకు తెలుస్తది. మీరు అట్ట మీద ఏసింది నేసేటామె బొమ్మ. అయితే బొమ్మన్న తియ్యిండ్రి, పేరన్న తియ్యిండ్రి.”

“అట్టలు అచ్చయిపోయాయి. అయినా జనం కొనేదే ఆ బొమ్మను చూసి కదండీ.” గొంతు తగ్గించి, “చూడండి, రేపు సాయంత్రం ఐదింటిలోపు సరిచేసిన పాటలు పంపగలిగితే మార్పిస్తాను. లేదంటే ఉన్నవే వెళ్లిపోతాయి. నేను చేయగలిగింది అంతే,” అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఫిరోజ్ మెల్లగా, “అమ్మను ఒక్కపూట మళ్ల మగ్గం మీద కూసోమందామా?” అన్నాడు.

“నా పానం పోయినా కూసోనియ్య,” అన్నాను.

పదేళ్ల పిల్లగా ఉన్నప్పటినుంచీ అమ్మ ఆసు మీద దారం చుట్టింది. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ పోవాలి. ఆ భుజం ఇప్పుడు తల దువ్వుకోవడానికి కూడా లేవదు. ఉగాది తర్వాత ఒక చీరను మా దగ్గర చీరలు కొనే సేటు వాపసు పంపాడు. అదే ఆఖరు. మళ్లీ మగ్గం గుంటలోకి దిగలేదు. దవాఖానలో డాక్టరు కూడా అదే చెప్పాడు.

ఏం చేయాలో తెలియక వాడి బండి మీదే ఊరికి బయల్దేరాం. అమ్మకు జరిగింది చెప్పి, కాళ్లు పట్టుకుని, నీ పేరుతో దొంగ చప్పుడు పోతున్నది, నా చేతిలో ఏమీ లేదు అని ఒప్పుకోవడం తప్ప నాకు వేరే దారి కనబడలేదు. నా ఆల్బమ్ మీద నాకే అసహ్యం పుట్టింది.

ఇంట్లో అడుగుపెడుతూనే వాణ్ణి మళ్లీ తిట్టడం మొదలుపెట్టాను. చేసిందంతా అమ్మ ముందర వరసగా చెప్పి, చివరన “తుడిచేసిండట!” అని అరిచాను.

“ఏందే గా ఒర్లుడు? పిలగాన్ని కూసోనియ్యి మొదలు,” అంది అమ్మ.

ఫిరోజ్ గడప దగ్గరే కూలబడ్డాడు. “తప్పైంది పెద్దమ్మా. నొప్పికి ఆగినవనుకున్న.”

“నొప్పికి ఆగితే కడుపెట్ల నిండుతది బిడ్డా? మచ్చ కలుపనీకి ఆగిన. నన్నొక్క మాట అడగకపోతివి.” వాడి వైపు చూసి, “పోయిందంత పోలే. జర ఆ పెట్టె కిందికి దించు,” అంది.

ఇనుప పెట్టెలోంచి ఒక చీర తీసింది. ఎర్ర నేల మీద ఆకుపచ్చ చిలుకలు. సేటు వాపసు పంపిన చీర అది. ఎందుకు వాపసు వచ్చిందో నేను ఏనాడూ అడగలేదు. భుజం నొప్పితో నేత చెడిపోయి ఉంటుందని నాకు నేనే అనుకున్నాను.

“మీరు మైకు పెట్టిననాడు మగ్గం మీద ఉన్నది గిదే,” అంది అమ్మ. “పాట మొదలుపెట్టుమన్నప్పుడల్లా అంచుకు ఒక ఎర్రపోగు ముడేసిన. ఏ పాటకు ఎంత నేసిననో ఎర్కుండాలె గదా అని.”

చీరను ఒళ్లో పరుచుకుని అంచు మీద వేలు పెట్టింది. అప్పుడు చూశాను. మచ్చ కలపడానికి దారం జరిపినప్పుడు, మిగిలిన పోగు అంచు దగ్గర చిన్న మెలికగా బయటికి వస్తుంది. ఎక్కువ జరిపితే పెద్ద మెలిక, తక్కువ జరిపితే చిన్నది. చీర అంచు పొడుగునా ఆ మెలికలే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను వాటిని. నేత బాగా లేక వచ్చే ముళ్లనుకుని, కాలేజీ రోజుల్లో చీర కట్టుకున్నప్పుడు వాటిని కత్తిరించేదాన్ని.

“ఈ మెలిక కాడల్లా ఆగిన. పెద్ద మెలికుంటే ఎక్కువసేపు ఆగిన. నీ మిషన్ల గా జాగలు మళ్ల పెట్టరాదా?”

ఫిరోజ్ లేచి నిలబడ్డాడు. “వస్తది పెద్దమ్మా. దెబ్బలు గవే ఉన్నయ్, నడుమ సందులే పోయినయ్. నువ్వు చెప్పు, నేను కోస్త.”

లాప్‌టాప్ మగ్గం గుంట గట్టు మీదే పెట్టాడు. అమ్మ మొదటి ఎర్రపోగు దగ్గర మొదలుపెట్టింది. “నాలుగు పోగులు. ఆగిన, సిన్నగ. మూడు పోగులు. ఆగిన. గీడ జర ఎక్కువ, చిలుక కన్ను గదా.” వాడు కోస్తూ, జరుపుతూ పోయాడు. మొదటి పాట కాగానే నా గొంతు అసలు ముక్క తెచ్చి దాని మీద పెట్టాడు. ఎక్కడా ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. మైకు పెట్టిన రోజు నేను పాడుతూ ఊపిరి పీల్చిన ప్రతిచోటా అమ్మ దారం జరుపుకుంటోంది. ఫిరోజ్ చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. నేను చాయ్ పెట్టే సాకుతో వంటింట్లోకి పోయాను.

పొద్దుగూకే వేళకు మూడు పాటలయ్యాయి. తెల్లారి ఏడింటికి మళ్లీ కూర్చున్నాం. నాలుగు, ఐదు. మధ్యాహ్నం దాటింది. నేను గోడకు ఆనుకుని గడియారం చూస్తూ, “జల్ది కానియ్యిండ్రి,” అని నాలుగైదుసార్లు కసిరాను.

ఆరో ఎర్రపోగు దగ్గర అమ్మ వేలు పెట్టింది. జరుపుతూ పోయింది. ఎక్కడా “ఆగిన” అనలేదు. వేలు బెత్తెడు దూరం పోయింది. అంచు మీద ఒక్క మెలిక లేదు. నున్నగా ఉంది, పవర్‌లూమ్ చీర అంచులాగే. ఆ బెత్తెడు మేరా చిలుకల ముక్కులు రెక్కల్లోకి జారిపోయి, ఆకుపచ్చ రంగు అలికినట్టుంది.

“పెద్దమ్మా, గీడ?” అన్నాడు ఫిరోజ్.

“గీడ ఆగలే.”

“ఎందుకాగలే?”

“ఆగొద్దన్నది.”

“ఎవలు?”

అమ్మ చీర మడత సర్దుకుంది, నా వైపు చూడలేదు. చూడనవసరం లేదు. నాకు గుర్తొచ్చింది.

రికార్డింగ్ రోజు ఆరో పాట దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. కరెంటు రెండుసార్లు పోయింది. వీధిలో ఆటో హారన్‌కు ఒక రికార్డింగ్ పాడైంది. నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. “ఏందమ్మా మాటిమాటికీ ఆగుతవ్? ఒక్క పాటకన్న ఆగకుంట నెయ్యరాదా? ఖరాబు చేస్తున్నవ్!” అన్నాను. అమ్మ తల వంచుకుని ఆగకుండా నేసింది. పాట అయిపోయాక నేను చప్పట్లు కొట్టి, గిట్లుండాలె అన్నాను. ఆ బెత్తెడు నేత వల్లే చీర వాపసు వచ్చింది. ఆ చీర తర్వాత అమ్మ మళ్లీ మగ్గం మీద కూర్చోలేదు. నేను ఆ పాటను చూసుకుని ఇన్ని నెలలు మురిసిపోయాను.

“గీడ సందులు పెట్టాల్నా, వద్దా?” అని ఫిరోజ్ అడిగాడు. వాడికింకా అర్థం కాలేదు.

“పెట్టు,” అన్నాను. “నాలుగు పోగులకొకటి పెట్టుకుంట పో. ఎవలికి తెలుస్తది?”

ఆ మాట శ్రవణ్‌కుమార్ అన్న మాటేనని నోటినుంచి వచ్చాక తెలిసింది.

“వద్దు,” అంది అమ్మ. అంత గట్టిగా అమ్మ మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. “ఆగనికాడ ఆగినట్టు చెప్పుడెందుకు? గప్పుడు గది దొంగ చీర గాదా? అది ఎట్లుందో గట్లనే ఉండనీ.”

“వాడకట్టోళ్లు ఇంటరమ్మా.”

“ఇననీ.”

ఫిరోజ్ నా వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. దొంగ చీరలమ్మేటోనికీ నీకూ ఫరకేంది అని నిన్న వాణ్ణి అడిగాను. వాడు ఆ మాట నాకు తిప్పి అనొచ్చు. అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆరో పాట ఉన్నదున్నట్టే వదిలేసి ఏడో దాని ఎర్రపోగు దగ్గరికి పోయారు. ఐదుకు పది నిమిషాలు ఉందనగా ఎనిమిది పాటలూ కంపెనీకి పంపాం. మర్నాడు దుకాణానికి పోయి, బల్ల కిందికి దూరి ఆ రెండు స్క్రూలు వెతికి వాడి చేతిలో పెట్టాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు.

చేనేత దినం నాడు గట్టుప్పల్ సంఘం హాల్లో పెద్ద స్పీకర్లు పెట్టి ఆల్బమ్ వినిపించాం. వాడకట్టంతా వచ్చింది. బాపు సెలవు పెట్టి వచ్చాడు. సింథసైజర్ చప్పుడుకు ముసలివాళ్లు మొదట మొహాలు చిట్లించారు. మగ్గం మొదలుకాగానే మొహాలు మారాయి. “గిప్పుడు కన్ను కలుపుతాంది,” అని ఒకామె పక్కామెకు చెప్పింది. ఐదు పాటలు అలాగే, మగ్గం ఆగినప్పుడల్లా హాల్లో జనం కూడా ఊపిరి బిగబట్టుకుని విన్నారు. అమ్మ ముందు వరసలో కొంగు కప్పుకుని కూర్చుంది.

ఆరో పాట మొదలైంది. వెనక బెంచీ మీద కుర్రాళ్లు ఈలలు వేశారు. అమ్మతోపాటు నలభై ఏళ్లు నేసిన గుర్వమ్మ మాత్రం చెవి మీద చెయ్యి పెట్టుకుని కొంచెం ముందుకు వంగింది. కాసేపు విని అమ్మ భుజం తట్టింది.

“గీ పాటకు నిన్నెవలో తరిమిండ్రు గదనే సావిత్రమ్మా?”

అమ్మ కొంగు సర్దుకుంది. స్పీకర్ పక్కన నిలబడ్డ ఫిరోజ్ నా మొహం చూసి, చప్పుడు తగ్గించడానికి మీట మీద చెయ్యి వేశాడు.

“తగ్గియ్యకు,” అన్నాను.